లోహ శోధకానికి ఏ బ్యాటరీ వేయాలి?

పరీక్ష రాయబోయే విద్యార్థికి ఆ ఉదయం ప్రతి చిన్న విషయమూ పెద్దదే. కలం సరిగా రాస్తున్నదా, హాల్ టికెట్టు మీద ఫోటో అంటించామా, బస్సు సకాలానికి వస్తుందా అన్న ఆలోచనలతోనే ద్వారం దగ్గరకు చేరుతాము. అక్కడ ఈ కాలంలో మరొక వస్తువు మన కోసం కాచుకొని ఉంటున్నది. మూరెడుకు కొంచెం తక్కువ పొడవున, నల్లని తెడ్డు ఆకారంలో ఉండే లోహ శోధకం అది. వాడుకలో దానిని మెటల్ డిటెక్టర్ అంటున్నాము. దాని పిడిలో తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఇంతటి స్వల్ప వస్తువును గురించి వార్షిక సంచికలో ఇన్ని పుటలు నింపడమేమిటని పాఠకులు నవ్వవచ్చును. నవ్వినా సరే, రాయక తప్పని సంగతి ఒకటి జరిగినది.

గత ఏడు మా విద్యార్థినులు కొందరు పి.జి. ప్రవేశ పరీక్ష రాయడానికి వేరొక ఊరిలోని కేంద్రానికి వెళ్లారు. తోడుగా మా భౌతికశాస్త్ర విభాగం నుండి మేము ఇద్దరం వెళ్లాము. ఆడపిల్లల వరుసకు వేరే ద్వారం, అడ్డంగా ఒక తెర, లోపల ఒక మహిళా ఉద్యోగి. ఏర్పాటులో లోపమేమీ లేదు. తొలి వంద మందికి యంత్రం చక్కగా పలికినది. తరువాత దాని కూత బలహీనమైనది. ఆపైన అసలే మూగబోయినది. ఆమె దానిని ఆడించి చూసినది, అరచేతిలో రెండుసార్లు కొట్టి చూసినది. లాభం లేక దానిని బల్ల మీద పెట్టి, మిగిలిన పిల్లలను ఒక్కొక్కరినే చేతులతో తడిమి తనిఖీ చేసి పంపినది. మా విద్యార్థినులలో ముగ్గురు అట్లా వెళ్లినవారే. వారిలో ఒకామె పరీక్ష ముగిసిన తరువాత మాతో ఒక్కటే మాట అన్నది: "మొదటి పావుగంట ప్రశ్నపత్రం కనిపించలేదు మేడమ్." అంతకు మించి ఆమె చెప్పలేదు, మేము అడగనూ లేదు.

మగపిల్లల వైపు సంగతి మరొక తీరున ఉన్నది. అక్కడి యంత్రమూ ఇంచుమించు అదే సమయానికి ఆగిపోయినది. రెండూ ఒకనాడు కొన్న బ్యాటరీలే కాబోలు. ఆ ఉద్యోగి దానిని పక్కన పెట్టలేదు. మూగబోయిన యంత్రాన్నే గాలిలో పైకీ కిందికీ విసురుతూ అందరినీ లోపలికి పంపివేశాడు. ఒక ద్వారం దగ్గర తనిఖీ హద్దు మీరినది, మరొక ద్వారం దగ్గర తనిఖీ అన్నదే లేకపోయినది. రెండింటికీ కారణం ఒకటే. తెరచాటున పనిచేసిన ఆ తల్లిని మేము నిందించడం లేదు. బయటకు వచ్చినప్పుడు ఆమె తానే చెప్పినది: "ఏం చేయమంటారమ్మా, కొత్త బ్యాటరీ ఇమ్మని పొద్దున్నే అడిగాను. కొట్లు పది గంటలకు గాని తెరవరన్నారు."

తనిఖీ అనే మాట ఉర్దూ నుండి మన తెలుగులోకి వచ్చి స్థిరపడినది. ఆ మాటలో నిజానిజాలు తేల్చడమన్న అర్థం ఉన్నది గాని, అవమానమన్న అర్థం ఎక్కడా లేదు. ఈ ఏడు మన కళాశాల కూడా పరీక్షా కేంద్రంగా ఉండబోతున్నది. పాలక సంఘం వారు కొనదలచిన వస్తువుల జాబితాలో నాలుగు లోహ శోధకాలు ఉన్నవని తెలిసినది. బ్యాటరీల మాట మాత్రం ఆ జాబితాలో లేదు. అందువలననే ఈ వ్యాసం.

యంత్రం పనిచేసే విధానం మన బి.ఎస్సీ. విద్యార్థులకు తెలిసినదే. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే దానికి మూలం. ఒక తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తే దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహపు ముక్క వస్తే ఆ ముక్కలో సుడి ప్రవాహాలు పుట్టి, తిరిగి తీగచుట్ట మీద ప్రభావం చూపుతాయి. ఆ స్వల్పమైన మార్పును పసిగట్టి యంత్రం కూత వేస్తుంది. ఇది ఈనాటి విద్య కాదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ తుపాకి గుండుకు గురి అయినప్పుడు, టెలిఫోను సృష్టికర్త గ్రహాం బెల్ ఇటువంటి సాధనాన్నే చేసి, ఆయన శరీరంలో గుండు ఎక్కడ ఉన్నదో కనుగొనడానికి ప్రయత్నించాడు. ప్రయత్నం ఫలించలేదు. రోగి పడుకొన్న పరుపులో ఇనుప స్ప్రింగులు ఉండడం ఒక కారణం. శరీరానికి ఒక పక్కనే వెదకడానికి వైద్యుడు అనుమతించడం మరొక కారణం. ఆ ఏడు సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాడు. సాధనం మంచిదైనంత మాత్రాన చాలదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లు కూడా మంచివి కావాలని ఆ కథ మాకు తోపిస్తూ ఉంటుంది.

ఇక బ్యాటరీ సంగతి. మన బజారులో దొరికే తొమ్మిది వోల్టుల బ్యాటరీలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది జింకు-కార్బను రకం. 1866 నాటి లెక్లాంషే ఘటానికి ఇది వంశజ అనవచ్చును. చవక, గాని త్వరగా నీరసిస్తుంది. రెండవది ఆల్కలైన్ రకం. ధర కొంచెం ఎక్కువ, శక్తి ఎక్కువ, అలమరలో పెట్టినా ఏళ్ల తరబడి చెడదు. మూడవది మరల మరల విద్యుత్తు నింపుకొనదగినది. దానినే రీఛార్జబుల్ అంటున్నాము. పాఠ్యపుస్తకాలు ద్వితీయ ఘటమంటాయి. వీటిలో నేడు ఎక్కువగా దొరికేది నికెల్-మెటల్ హైడ్రైడ్ రకం. లిథియం రకం కూడా వచ్చినది. దానిని గురించి ముందు చెబుతాము.

రీఛార్జబుల్ బ్యాటరీ మాట ఎత్తగానే పెద్దలు సాధారణంగా చెప్పే అభ్యంతరం ఒకటున్నది. "అది బలహీనమైనది. మామూలు సెల్లు ఒకటిన్నర వోల్టు ఇస్తే అది ఒకటింబావు వోల్టు కూడా ఇవ్వదు" అంటారు. లెక్క నిజమే. నికెల్ రకపు సెల్లు ఇచ్చేది 1.2 వోల్టులే. అయితే ఇందులో ఒక పొరపాటు దాగి ఉన్నది. ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఇచ్చేది కొత్తగా ఉన్నప్పుడు మాత్రమే. పని మొదలైన క్షణం నుండి దాని వోల్టేజి జారుతూనే ఉంటుంది. సగం ప్రాణం పోయేసరికి అదీ 1.2 దరిదాపులకే వస్తుంది. చివరికి 0.9 దాకా దిగుతుంది. అందుచేత మంచి లోహ శోధకాన్ని రూపొందించేవారు ఈ జారుడును ముందే లెక్కలోకి తీసుకొని, లోపల వోల్టేజిని స్థిరపరచే సర్క్యూటు అమరుస్తారు. బ్యాటరీ తొమ్మిది వోల్టులు ఇచ్చినా, ఏడున్నర ఇచ్చినా తీగచుట్టకు చేరేది ఒకే మోతాదు. అటువంటి యంత్రంలో రీఛార్జబుల్ బ్యాటరీ వేస్తే పసిగట్టే శక్తి తగ్గుతుందన్న మాట అపోహ. స్థిరపరచే సర్క్యూటు లేని చవకరకం యంత్రాల సంగతి వేరు. వాటిలో బ్యాటరీ నీరసించిన కొద్దీ యంత్రం మనసు మారుతూ ఉంటుంది. ఉదయం తాళం చెవికి కూసినది మధ్యాహ్నం కత్తికి కూడా కూయదు. అట్టివాటిని అసలు కొనరాదని మా అభిప్రాయం.

మేము మోసపోయిన విధం కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. తొమ్మిది వోల్టులదని అట్ట మీద ముద్రించిన రీఛార్జబుల్ బ్యాటరీలన్నీ ఒకటి కావు. కొన్నింటిలో ఆరు సెల్లులు ఉంటాయి, అంటే 7.2 వోల్టులు. కొన్నింటిలో ఏడు, అంటే 8.4 వోల్టులు. అరుదుగా ఎనిమిది ఉన్నవీ దొరుకుతాయి, వాటివి 9.6 వోల్టులు. ఈ తేడా తెలియక మేము ప్రయోగశాల కోసం మొదట ఆరు సెల్లులవి తెచ్చాము. వరండాలో పాత శోధకం ఒకదానిలో వేయగానే, బ్యాటరీ అయిపోయినదని తెలిపే ఎర్రదీపం వెలిగినది. నిండుగా నింపిన బ్యాటరీకి ఆ దీపం! యంత్రం తప్పు కాదు. ఆ దీపం ఆల్కలైన్ బ్యాటరీని ఉద్దేశించి పెట్టినది. ఏడు చిల్లర వోల్టులు కనపడగానే అది "ముసలిదైపోయినది" అని తీర్మానించుకొన్నది. ఏడు సెల్లుల బ్యాటరీ వేసిన తరువాత దీపం ఆరినది. కనుక కొనేవారు అట్ట మీది పెద్ద అక్షరాలు కాక చిన్న అక్షరాలు చదవాలి. 8.4 అని ఉంటేనే తేవాలి. 9.6 వోల్టులది తేదలచినవారు యంత్రంతో వచ్చిన పుస్తకంలో అనుమతి ఉన్నదో లేదో చూడాలి.

అసలు ప్రమాదం ఇది కాదు. దానిని ఎవరూ ప్రస్తావించడం లేదు. ఆల్కలైన్ బ్యాటరీ చావు మెల్లమెల్లగా వస్తుంది. కూత తగ్గుతుంది, దీపం వెలుగుతుంది, ఇంకా కొంతసేపు కొన ఊపిరితో నడుస్తుంది. అంటే ముందుగా హెచ్చరిస్తుంది. నికెల్ రకం అట్లా కాదు. చివరి దాకా దాని వోల్టేజి చదునైన బాట మీద నడిచినట్లు నిలకడగా ఉండి, ఒక్కసారిగా లోయలో పడినట్లు పడిపోతుంది. దీపం వెలిగినది చూసి కొత్త బ్యాటరీ కోసం మనిషిని పంపేలోగానే యంత్రం ఆగిపోవచ్చును. పైగా దానిలో పట్టే విద్యుత్తు కూడా తక్కువ. ఆల్కలైన్ తొమ్మిది వోల్టుల బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలు పడితే, నికెల్ రకం దానిలో 200 అటూ ఇటూగా పడుతుంది. ఒక శోధకం సగటున 20 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటుందనుకొంటే ఒకటి ఇరవై అయిదు గంటలు, మరొకటి పది గంటలు నడుస్తుంది. కూసినప్పుడల్లా ఖర్చు పెరుగుతుంది. కనుక గుండీలు, కట్టుకొక్కేలు, గాజులు ఎక్కువగా ఉన్న వరుస దగ్గర ఈ లెక్క ఇంకా తగ్గుతుంది. గమనించారా? ఆడపిల్లల వరుసలోని బ్యాటరీయే ముందు అయిపోవడానికి అవకాశం ఎక్కువ.

ఇన్ని లోపాలు మేమే చెప్పి, మళ్లీ దానినే కొనమనడం ఏ తర్కమని అడగవచ్చును. మా వాదం అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నది. పరీక్ష ముందు రాత్రి మన చేతిలో ఉన్న బ్యాటరీలో ఎంత ఉన్నదో మనకు తెలియాలి. వాడి పారవేసే రకంలో ఇది తెలియదు. గత పరీక్షలో నాలుగు గంటలు వాడిన బ్యాటరీని పారవేయడానికి ఏ గుమాస్తాకూ చేయి రాదు. అది తప్పు కూడా కాదు, ప్రజల సొమ్ము మరి. "ఇంకా ఉన్నదిలే" అని దానినే మళ్లీ వేస్తాడు. ఉన్నది నిజమే, ఎంత ఉన్నదన్నదే తెలియదు. ఆ పొదుపే ఆ ఉదయం ఆ తెర వెనుక జరిగినదానికి కారణమని మా అనుమానం. రీఛార్జబుల్ రకంలో ఈ చిక్కు లేదు. సగం వాడినదైనా, పావు వాడినదైనా, ముందు రాత్రి నింపితే తెల్లవారేసరికి నిండుకుండ. పది గంటలు నడిచేది మూడు గంటల తనిఖీకి ధారాళంగా సరిపోతుంది. ఒక్కొక్క యంత్రానికి రెండేసి బ్యాటరీలు ఉంచి, వరుస సగమైన తరువాత దీపం కోసం ఎదురుచూడకుండా మార్చివేస్తే, హఠాత్తుగా ఆగిపోవడమన్న భయమూ తీరుతుంది. గడియారాన్ని చూసి మార్చాలి గాని దీపాన్ని చూసి కాదు.

పాత అధ్యాపకులు కొందరు ఈ మాట వినగానే నికెల్-కాడ్మియం రోజులను తలచుకొంటారు. 1899లో స్వీడను దేశస్థుడు యుంగ్నర్ కనిపెట్టిన ఆ ఘటం మన దేశంలో రైళ్లలో, విమానాలలో, రేడియో సెట్లలో చాలాకాలం సేవ చేసినది. హైదరాబాదులోనే 1977లో స్థాపితమైన హెచ్.బి.ఎల్. సంస్థ ఆ రకపు బ్యాటరీల తయారీలో పేరు పొందినది. అయితే చిన్న పరికరాలలో దానికి రెండు అపకీర్తులు ఉండేవి. పూర్తిగా వాడకుండా మళ్లీ మళ్లీ నింపితే కొంత శక్తిని మరచిపోతుందన్నది ఒకటి, వాడకుండా ఉంచితే తనంతట తానే ఖాళీ అవుతుందన్నది రెండవది. కాడ్మియం విషపదార్థమన్నది వీటికి మించిన దోషం. తరువాత వచ్చిన నికెల్-మెటల్ హైడ్రైడ్‌లో విషం తొలగినది గాని, తానే ఖాళీ అయ్యే గుణం పోలేదు. నెల తిరిగేసరికి పావు వంతు పోయేది. 2005లో జపానుకు చెందిన సాన్యో సంస్థ ఈ గుణాన్ని చాలావరకు అణచిన సెల్లును విడుదల చేసినది. ఆ మార్గంలో వచ్చినవి ఏడాది తరువాత కూడా నింపినదానిలో అధిక భాగాన్ని నిలుపుకొంటున్నవి. కనుక వెనుకటి చేదు అనుభవంతో నేటి వస్తువును తూచరాదు.

లిథియం రకం మాట. 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి గుడ్‌ఎనఫ్, విటింగ్‌హాం, యోషినో అనే ముగ్గురికి ఈ బ్యాటరీల నిర్మాణానికే లభించినది. మన జేబులలోని ఫోన్లన్నీ వాటి మీదనే నడుస్తున్నవి. తొమ్మిది వోల్టుల ఆకారంలోనూ, పెన్సిల్ సెల్లు ఆకారంలోనూ, ఫోను ఛార్జరు తీగతోనే నింపుకొనదగినవి ఇప్పుడు దొరుకుతున్నవి. వీటిలో కొన్నింటి లోపల వోల్టేజిని మార్చే చిన్న సర్క్యూటు ఉంటుంది. అది సెకనుకు లక్షలాదిసార్లు విద్యుత్తును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఆ కదలిక వల్ల పుట్టే విద్యుత్ రొద లోహ శోధకం వంటి సున్నితమైన యంత్రానికి పక్క ఇంటి పెళ్లి మైకు వంటిది. రేడియోలో అయితే గరగర వినిపించి ఊరుకొంటుంది. శోధకంలో లేని లోహం ఉన్నట్లు కూయవచ్చును, ఉన్నదానిని విననీయకపోవచ్చును. అన్ని యంత్రాలకూ ఈ బాధ ఉండదు. అయినా కొనడానికి ముందు యంత్రంలో వేసి పరీక్షించి చూడనిదే వీటిని తేరాదని మా సలహా.

ఈ లేని కూత సామాన్యమైన విషయం కాదు. 2022 జూలైలో కేరళలోని కొల్లం జిల్లాలో నీట్ పరీక్షకు వచ్చిన బాలికలను, లోదుస్తుల లోహపు కొక్కేలకు యంత్రం కూసినదన్న కారణంతో వాటిని తీసివేయమన్న ఉదంతం దేశమంతటా ఆవేదన కలిగించినది. ఆనాడు బ్యాటరీలో లోపమున్నదని మేము అనడం లేదు. అక్కడ లోపించినది మనుషుల విచక్షణ. మేము అనేదేమంటే, యంత్రపు కూతకు అంత బరువు ఇస్తున్న రోజులలో ఆ కూత నిజమైనదై ఉండాలి. అది నిజమో కాదో తెలుసుకొనే ఉపాయం కూడా దగ్గర ఉండాలి.

ఆ ఉపాయాన్ని మనకంటె ఎక్కువ ప్రమాదంలో పనిచేసేవారి దగ్గర నేర్చుకోవాలి. కాంబోడియాలో, అంగోలాలో, ఆఫ్ఘనిస్థానంలో భూమిలో పాతిన మందుపాతరలను తొలగించే శ్రామికులు లోహ శోధకాన్ని చేతబట్టి, దాని కూత మీద ప్రాణం పెట్టి అడుగు వేస్తారు. వారు పనిలోకి దిగే ముందు ప్రతిసారీ ఒక పరీక్షాఖండాన్ని యంత్రం ముందు పెట్టి, అది కూసినదని నిశ్చయించుకొంటారు. బ్యాటరీ మార్చినా మళ్లీ అదే పరీక్ష. దీపం మీదా నమ్మకం లేదు, అట్ట మీది అంకె మీదా నమ్మకం లేదు. మనకూ ఇదే పద్ధతి కావాలి. ఒక రూపాయి నాణెం, ఒక పాత తాళం చెవి ద్వారం దగ్గర బల్ల మీద ఉంటే చాలు. అరగంటకు ఒకసారి యంత్రాన్ని వాటి మీదుగా పోనిచ్చి చూడడానికి రెండు క్షణాలు పడుతుంది.

ఇంగ్లండులో ఇదే యంత్రాన్ని వినోదం కోసం పొలాలలో తిప్పేవారు వేలాదిగా ఉన్నారు. 1992 నవంబరులో సఫోక్ ప్రాంతంలోని హాక్స్‌న్ గ్రామంలో, మిత్రుడైన రైతు పోగొట్టుకొన్న సుత్తి కోసం వెదుకుతూ ఎరిక్ లాస్ అనే ఆయన రోమను కాలపు బంగారు, వెండి నాణెముల గొప్ప నిధిని కనుగొన్నాడు. ఆ తరువాత సుత్తి కూడా దొరికినది. నిధితోపాటు దానినీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంచారు. ఆస్ట్రేలియా బంగారు గనుల ప్రాంతాలలో వెదికేవారు పూర్వం ఆరు వోల్టుల సీసపు బ్యాటరీని వీపుకు కట్టుకొని తిరిగేవారు. ఇప్పుడు దాని స్థానాన్ని తేలికపాటి లిథియం బ్యాటరీలు ఆక్రమించాయి. వీరందరూ రీఛార్జబుల్ బ్యాటరీలను మనకంటె ఎంతో ముందు వాడినవారే. వారిలో అనుభవజ్ఞులు నిండుగా నింపిన జత ఒకటి యంత్రంలోనూ, మరొక జత జేబులోనూ లేకుండా పొలంలోకి దిగరు. (మన విద్యార్థులలో ఎవరికైనా ఈ వినోదం మీద మనసు పుడితే ఒక్కమాట: మన దేశంలో 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఉన్నది. భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పురాతన కట్టడాల పరిసరాలలో తవ్వడం వేరే నేరం.)

ఖర్చు విషయంలో గొప్పలు చెప్పబోము. మేము తెచ్చినప్పుడు ఏడు సెల్లుల బ్యాటరీ ఒక్కదాని ధరకు మామూలు జింకు-కార్బనువి పది దాకా వచ్చేవి. ఛార్జరు ధర అదనం. తయారీదారులు వందల సార్లు నింపవచ్చునంటారు. మా ప్రయోగశాల అనుభవంలో దానిలో సగం వచ్చినా సంతోషించాలి. ఏడాదికి నాలుగైదు పరీక్షలు మాత్రమే జరిగే కేంద్రంలో వీటివల్ల సొమ్ము మిగులుతుందని మేము ప్రమాణం చేయలేము. అయితే మన సభలలో వాడే తీగలేని మైకు, ప్రయోగశాలలోని మల్టీమీటర్లు కూడా ఇదే ఆకారపు బ్యాటరీతో నడుస్తున్నవి. ఛార్జరు ఏడాది పొడుగునా పనికివస్తుంది. వాడి పారవేసినవి ఏమవుతున్నవన్న ప్రశ్న కూడా ఉన్నది. మన కళాశాలలో అవి వరండా చివరి చెత్తబుట్టలో, అక్కడినుండి మునిసిపాలిటీ బండిలో పడుతున్నవి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నియమావళి చిన్న బ్యాటరీలకు కూడా వర్తిస్తుంది. వాడినవాటిని గృహ వ్యర్థాలలో కలపరాదని అది వాడకందారులనే శాసిస్తున్నది. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఒక డబ్బా పెట్టి ఆ పని చేయవచ్చును.

మాలో మాకే కొంత భేదాభిప్రాయం ఉన్నది. మా మిత్రులొకరు, బ్యాటరీ లోపలే బిగించి తీగతో నింపుకొనే శోధకాలు కొంటే ఈ గొడవంతా ఉండదు కదా అన్నారు. ఉండదు, పనిచేసినంతకాలం. వరుస మధ్యలో ఆగిపోతే మాత్రం దానిలో వేరొక బ్యాటరీ వేసే వీలు లేదు. గంటసేపు గోడకు తగిలించి కూర్చోవాలి. రెండు మూడేళ్లకు ఆ లోపలి బ్యాటరీ ముసలిదైతే యంత్రమంతా పారవేయవలసి వస్తుంది. మూత తీసి మార్చుకొనే వీలున్న యంత్రమే మన వంటి కళాశాలకు తగినది. ఉర్దూ విభాగపు పెద్దలొకరు ఇంకొక అడుగు ముందుకు వేసి, విద్యాలయంలో ఇటువంటి యంత్రాలే ఉండరాదన్నారు. ఆ మాటలో ఉన్న బాధను మేము గౌరవిస్తున్నాము. దినదినం తరగతులకు వచ్చే పిల్లలను ద్వారం దగ్గర నిలిపి తనిఖీ చేసే ఆచారానికి మేమూ వ్యతిరేకులమే. కానీ బయటి పరీక్షలకు వాటిని వాడక తప్పదని నిర్వాహకులు చెబుతున్నారు. తప్పనప్పుడు యంత్రం బాగా పనిచేయడమే పిల్లలకు మర్యాద. బాగా పనిచేసే శోధకం మనిషి చేతికీ, పిల్లల శరీరానికీ మధ్య జానెడు దూరాన్ని కాపాడుతుంది. ఆ దూరం కోసమే మా ఆరాటం.

పాలక సంఘానికి మా మనవి ఇది. నాలుగు శోధకాలకు ఏడు సెల్లుల నికెల్ రకపు బ్యాటరీలు ఎనిమిది, నిండగానే తానే ఆగే ఛార్జర్లు రెండు కొనాలి. చవకరకం ఛార్జర్లలో పద్నాలుగు గంటలు పట్టడమే కాక, తీయడం మరచిపోతే బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది. వీటితోపాటు, సీలు విప్పని ఆల్కలైన్ బ్యాటరీలు నాలుగు అత్యవసరం కోసం ఉంచాలి. పరీక్ష ముగియగానే యంత్రాలలో నుండి బ్యాటరీలు తీసివేయాలి. మరచిపోయిన జింకు-కార్బను బ్యాటరీ కారి, తగిలే రేకులను తినివేసిన యంత్రం ఒకటి మా దగ్గర ఉన్నది, చూపించగలము. ఎవరు ఏ రోజు నింపారో రాయడానికి ఒక పుస్తకం కావాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ పని ఫలానావారిదని ఒక పేరు ఉండాలి. అందరి పని అయితే ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఆ పేరు దొరికేదాకా మా ప్రయోగశాల సహాయకుడు ఆ బాధ్యత తీసుకోవడానికి ఒప్పుకొన్నాడు. పరీక్ష ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు బ్యాటరీలు ఛార్జరులో పెట్టి, ఉదయం ఏడు గంటలకు తాళం చెవి మీద పరీక్షించి, ఆడపిల్లల ద్వారానికి మొదట ఇచ్చి వస్తాడు. ఛార్జరు ఇప్పటికి భౌతికశాస్త్ర ప్రయోగశాల రెండవ బీరువాలో, పై అరలో ఉన్నది.